వచ్చేవాళ్ల జాబితా, వెళ్లేవాళ్ల జాబితా

2021 జులైలో ఎన్‌హెచ్‌ఎల్ డ్రాఫ్టు జరిగింది. ఉత్తర అమెరికాలో ఐస్ హాకీకి అదే పెద్ద ప్రొఫెషనల్ లీగు. పద్దెనిమిదేళ్ల వయసు కుర్రాళ్లను క్లబ్బులు వంతులవారీగా తమ పేరిట రాసుకునే ఆ కార్యక్రమంలో, ఆ ఏడాది మొదటి ఐదు పేర్లలో నాలుగు ఒకే యూనివర్సిటీవి. మిషిగన్‌కు చెందిన ఓవెన్ పవర్ మొదటివాడు, మాటీ బెనియర్స్ రెండోవాడు, ల్యూక్ హ్యూస్ నాలుగోవాడు, కెంట్ జాన్సన్ ఐదోవాడు. వీళ్లలో ముగ్గురు అప్పటికే అక్కడ ఒక సీజన్ ఆడారు. హ్యూస్ మాత్రం ఆ ఏడాదే కొత్తగా చేరుతున్న రిక్రూట్. నలుగురూ వెంటనే ప్రొఫెషనల్ ఆటకు పోకుండా కాలేజీ జట్టులోనే దిగారు. మొదటి రౌండులో ఎంపికైనవాళ్లు ఆ జట్టులో మొత్తం ఏడుగురు. కాలేజీ హాకీ చరిత్రలో ఇంత మెరిసే జాబితా అరుదు. 2022 ఏప్రిల్‌లో బోస్టన్‌లో జరిగిన జాతీయ కాలేజీ టోర్నమెంటు సెమీఫైనల్లో ఆ జట్టు డెన్వర్ యూనివర్సిటీ చేతిలో ఓవర్‌టైమ్‌లో 3-2తో ఓడిపోయింది. రెండు రోజుల తర్వాత ట్రోఫీ డెన్వర్ ఎత్తుకుంది.

ఐస్ హాకీ మన ఊళ్లలో ఆడే ఆట కాదు. అయినా తెలుగు ఇళ్ల నుంచి ఏటా పిల్లలు వెళ్లి చేరే నార్త్‌ఈస్టర్న్, అరిజోనా స్టేట్, మిషిగన్ లాంటి చోట్ల అది పెద్ద ఆటే. అమెరికాలో అత్యున్నత స్థాయిలో అరవైకి పైగా కాలేజీ జట్లున్నాయి. అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకా సీజన్. చివర్లో పదహారు జట్ల నాకౌట్ టోర్నమెంటు, దానిలో మిగిలిన నాలుగింటి పోరును ఫ్రోజెన్ ఫోర్ అంటారు. ఆట ఆగిన నెలల్లోనూ అభిమానులు ఊరుకోరు. వచ్చే ఏడాది జట్టులోకి ఎవరు వస్తున్నారు, ఏ జూనియర్ లీగులో ఎన్ని గోల్స్ కొట్టారు, డ్రాఫ్టులో ఎన్నో స్థానం దక్కుతుంది అన్న లెక్కలతోనే వాళ్ల వేసవి గడుస్తుంది. ఈ వెంబడింపును వట్టి కాలక్షేపమని కొట్టిపారేయలేం. ఏటా నాలుగో వంతుకు పైగా మారిపోయే జట్టును అర్థం చేసుకోవడానికి ఇంతకన్నా దగ్గరి దారి లేదు. అయితే ఆ జాబితాను చాలామంది చదివే తీరు సరైనది కాదన్నది నా వాదన. వచ్చేవాళ్ల పేర్లను వెళ్లిపోతున్నవాళ్ల పేర్ల పక్కన పెట్టి, ఎవరు ఏ వయసులో వస్తున్నారో, ఎన్నేళ్లు ఉంటారో కూడా చూసుకుంటూ చదివినప్పుడే అది జట్టు గురించి నిజం చెబుతుంది. స్టార్ల లెక్కగా చదివితే పదేపదే తప్పుదారి పట్టిస్తుంది.

దీనికి కారణం ముందుగా ఆటలోనే ఉంది. ఒక్కో వైపు గోల్ కాసే గోలీతో కలిపి ఆరుగురు ఆడతారు. పక్ అనే రబ్బరు బిళ్ల వెంట పూర్తి వేగంతో స్కేటింగ్ చేస్తూ ఎవరూ ఎక్కువసేపు నిలవలేరు కాబట్టి నిమిషానికి కాస్త అటూఇటుగా మనుషులు మారిపోతూనే ఉంటారు. అరవై నిమిషాల మ్యాచ్‌లో ఎంత గొప్ప ఫార్వర్డయినా మంచు మీద ఉండేది ఇరవై నిమిషాలు, కొంచెం ఎక్కువ. మిగతా నలభై నిమిషాలు రెండో వరస, మూడో వరస, నాలుగో వరస ఆటగాళ్లవి. బాస్కెట్‌బాల్‌లో ఒక్క అసాధారణ కుర్రాడు ఐదుగురి జట్టును దాదాపు మ్యాచంతా మోయగలడు. ఇక్కడ అది కుదరదు. పూర్తి సమయం నిలబడేవాడు గోలీ ఒక్కడే. పదహారేళ్ల గోలీని చూసి ఇరవై రెండేళ్లకు ఎలా తయారవుతాడో చెప్పడం అనుభవం పండిన స్కౌట్లకు కూడా కష్టం.

రెండో కారణం వయసు. అమెరికాలో చాలా ఆటల్లో పిల్లలు హైస్కూలు అవగానే కాలేజీ జట్టులో చేరతారు. హాకీలో మాత్రం చాలామంది యునైటెడ్ స్టేట్స్ హాకీ లీగ్ వంటి జూనియర్ లీగుల్లో ఒకటి రెండేళ్లు ఆడి, పంతొమ్మిది, ఇరవై ఏళ్లు వచ్చాకే క్యాంపస్‌కు వస్తారు. వాళ్లు సీనియర్లయ్యేసరికి ఇరవై మూడు, ఇరవై నాలుగు. అతి ప్రతిభావంతులు మాత్రం పదిహేడు, పద్దెనిమిదికే వచ్చి, ఒకటి రెండు సీజన్లలో ఎన్‌హెచ్‌ఎల్‌కు వెళ్లిపోతారు. డ్రాఫ్టులో ఎంపికైనా ఒప్పందం మీద సంతకం చేయనంత వరకు కాలేజీలో ఆడవచ్చు కాబట్టి ఎప్పుడు వెళ్లాలన్నది కుర్రాడి చేతిలోనూ, క్లబ్బు తొందరలోనూ ఉంటుంది. జాబితాలో అందరికన్నా పైన కనిపించే పేరే క్యాంపస్‌లో అందరికన్నా తక్కువ కాలం కనిపించే పేరు. కింద ఎక్కడో ఉన్న ఇరవై ఏళ్లవాడు నాలుగేళ్లు ఉండి, మూడో ఏటికి జట్టుకు వెన్నెముక అవుతాడు.

కాలేజీ హాకీలో ఆ ఏటి ఉత్తమ ఆటగాడికి ఇచ్చే హోబీ బేకర్ అవార్డును 2024 వరకు నలుగురే మొదటి ఏడాది కుర్రాళ్లు గెలిచారు. 2015లో బోస్టన్ యూనివర్సిటీకి ఆడిన జాక్ ఐకెల్ ఫైనల్లో ప్రావిడెన్స్ చేతిలో 4-3తో ఓడాడు. 2023లో మిషిగన్ కుర్రాడు ఆడమ్ ఫాంటిలీ సెమీఫైనల్లోనే ఆగిపోయాడు. 2024లో ఆ అవార్డు అందుకున్నవాళ్లందరిలోకీ చిన్నవాడైన మాక్లిన్ సెలెబ్రీనీ కూడా సెమీఫైనల్లోనే, డెన్వర్ చేతిలో, ఓవర్‌టైమ్‌లో వెనుదిరిగాడు. ట్రోఫీ కూడా గెలిచినవాడు 1993లో మెయిన్ యూనివర్సిటీకి ఆడిన పాల్ కరియా ఒక్కడే. ఆ ఫైనల్ ఎలా గెలిచారో చూడండి. లేక్ సుపీరియర్ స్టేట్ మీద మెయిన్ 4-2తో వెనకబడి ఉంది. చివరి పీరియడ్‌లో వరసగా మూడు గోల్స్ పడ్డాయి. మూడూ కొట్టినవాడు సీనియర్, కెప్టెన్ జిమ్ మాంట్‌గోమరీ. మూడింటికీ పక్ అందించినవాడు కరియా. ఆ కుర్రాడు ఒక ఏడాది ఆలస్యంగా వచ్చి ఉంటే మాంట్‌గోమరీ అక్కడ ఉండేవాడు కాదు. కరియా ఎంత గొప్పవాడన్న ప్రశ్న ఎంత ముఖ్యమో, అతను వచ్చేసరికి అక్కడ ఎవరున్నారన్నదీ అంతే ముఖ్యం.

మసాచుసెట్స్ యూనివర్సిటీ కథ ఈ మాటను ఇంకో వైపు నుంచి చెబుతుంది. 2016-17లో ఆ జట్టు సీజన్ మొత్తంలో గెలిచినవి ఐదే మ్యాచ్‌లు. ఆ తర్వాతి సీజన్‌కు వచ్చిన రిక్రూట్లలో కెనడాలోని ఆల్బర్టా నుంచి వచ్చిన కేల్ మకార్ ఉన్నాడు. అదే ఏడాది డ్రాఫ్టులో నాలుగోవాడు. రెండో ఏడాదికే జట్టును జాతీయ ఫైనల్ దాకా తీసుకెళ్లి, హోబీ బేకర్ గెలిచాడు. 2019 ఫైనల్లో మిన్నెసోటా డులూత్ 3-0తో నెగ్గింది. రెండు రోజులకే మకార్ కొలరాడో జెర్సీ వేసుకుని ఎన్‌హెచ్‌ఎల్ ప్లేఆఫ్స్‌లో ఆడుతున్నాడు. అతను వెళ్లాక ఆ జట్టు పని అయిపోయిందని అనుకోవడం సహజం. కానీ 2021లో అదే మసాచుసెట్స్ ఫైనల్లో సెయింట్ క్లౌడ్ స్టేట్‌ను 5-0తో ఓడించి తొలిసారి ట్రోఫీ గెలిచింది. మకార్‌తో కలిసి 2017లో చేరి, నాలుగేళ్లూ ఉండిపోయినవాళ్లు అప్పటికి ఆ జట్టులో పెద్దలు. 2017 జాబితాను ఒక్క మకార్ పేరుతో చదివినవాళ్లకు ఈ గెలుపు అర్థం కాదు.

ఈ వాదనకు బలమైన అభ్యంతరం ఒకటుంది. నాకౌట్ టోర్నమెంటులో ఒక్క మ్యాచ్ ఓడితే ఇంటికే. ఓవర్‌టైమ్‌లో పక్ ఎవరి స్టిక్‌కు తగిలిందన్న దాన్ని పట్టుకుని సిద్ధాంతాలు కట్టడం అన్యాయం కదా? నిజమే, ఒక్క మిషిగన్ ఓటమితో ఏదీ రుజువు కాదు. అందుకే ఇంకాస్త పొడుగు వరస చూడాలి. 2013లో యేల్ గెలిచింది, 2014లో యూనియన్ కాలేజీ గెలిచింది. అప్పట్లో ఈ రెండూ ఆటగాళ్లకు క్రీడా స్కాలర్‌షిప్‌లే ఇచ్చేవి కావు. యూనియన్‌లో మొత్తం విద్యార్థులే దాదాపు 2,200 మంది. 2023లో క్విన్నిపియాక్ డ్రాఫ్టు స్టార్లతో నిండిన మిన్నెసోటాను ఓవర్‌టైమ్ మొదలైన పది సెకన్లకే ఓడించింది. 2025లో వెస్టర్న్ మిషిగన్ మొట్టమొదటిసారి ఫ్రోజెన్ ఫోర్‌కు వచ్చి, ఫైనల్లో బోస్టన్ యూనివర్సిటీని 6-2తో చిత్తుచేసింది. పన్నెండు పదమూడేళ్లలో ఇన్నిసార్లు జరిగినదాన్ని అదృష్టం ఖాతాలో వేయలేం. ఒక విషయం మాత్రం ఒప్పుకుని తీరాలి. ప్రతిభ లేకుండా ఎవరూ గెలవలేదు. 2024లో తన పదో టైటిల్‌తో మిషిగన్ తొమ్మిదింటి రికార్డును దాటిన డెన్వర్ జట్టులోనూ జీవ్ బ్యూయమ్ అనే మొదటి ఏడాది డిఫెన్స్‌మన్ ఉన్నాడు. అదే వేసవి డ్రాఫ్టులో పన్నెండోవాడయ్యాడు. కానీ ఆ ఫైనల్లో దేశంలో అందరికన్నా ఎక్కువ పాయింట్లు (గోల్స్, గోల్స్‌కు అందించిన పాస్‌లు కలిపి) కొట్టిన విల్ స్మిత్ ఉన్న బోస్టన్ కాలేజీని ఒక్క గోల్ కూడా కొట్టనివ్వకుండా 35 షాట్లు ఆపినవాడు మూడో ఏడాది గోలీ మాట్ డేవిస్. అతన్ని ఏ క్లబ్బూ డ్రాఫ్టులో తీసుకోలేదు.

జాబితాలోని పేర్లు చివరిదాకా నిలుస్తాయన్న భరోసా కూడా లేదు. హైస్కూలు రెండో ఏడాది జనవరి 1కి ముందు కోచ్‌లు కుర్రాళ్లతో మాట్లాడకూడదని, మూడో ఏడాదికి ముందటి ఆగస్టు 1 దాకా సీటు ఇస్తామని చెప్పకూడదని 2019లో నియమం వచ్చింది. అంతకుముందు పద్నాలుగేళ్ల పిల్లలు కూడా ఫలానా కాలేజీకి కమిట్ అయ్యామని ప్రకటించేవారు. ఇప్పటికీ అది నోటిమాటే. తాంబూలాలు పుచ్చుకోకముందు సంబంధం మాటలాంటిది. జానీ గోద్రో బోస్టన్‌లోని నార్త్‌ఈస్టర్న్‌కు వస్తానన్నాడు. 2011లో అక్కడి కోచ్ వేరే ఉద్యోగానికి వెళ్లడంతో, పొరుగునే ఉన్న బోస్టన్ కాలేజీకి మారాడు. డ్రాఫ్టులో 104వ స్థానం, చూడటానికి చిన్న విగ్రహం. తర్వాతి ఏప్రిల్‌లోనే బోస్టన్ కాలేజీ జాతీయ చాంపియన్. 2014లో హోబీ బేకర్ గోద్రోదే. ఒక కోచ్ కదిలితే ఒక కాలేజీ జాబితా చిరిగి ఇంకో కాలేజీ చరిత్ర మారుతుంది. రిక్రూట్లను అనుసరించేవాళ్లు కోచ్‌ల రాకపోకలను కూడా అంతే శ్రద్ధగా చూడాలి.

ఇదంతా పాతబడిపోయిందనేవాళ్లూ ఉన్నారు. కెనడా మేజర్ జూనియర్ లీగుల్లో ఆడినవాళ్లకు అమెరికా కాలేజీల తలుపు దశాబ్దాల పాటు మూసి ఉండేది. 2024 నవంబరులో కాలేజీ క్రీడల సంఘం ఎన్‌సీఏఏ ఆ నిషేధాన్ని తీసేసింది. 2025 ఆగస్టు 1 నుంచి దారి తెరుచుకుంది. మెడిసిన్ హాట్ టైగర్స్ జట్టుకు ముందటి సీజన్‌లో 129 పాయింట్లు కొట్టిన గావిన్ మెకెన్నా ఆ వేసవిలో పెన్ స్టేట్‌ను ఎంచుకున్నాడు. డ్రాఫ్టులో ఆరోవాడైన పోర్టర్ మార్టోన్ మిషిగన్ స్టేట్‌కు వెళ్లాడు. ఆటగాళ్లు ఏడాది కూర్చోకుండా కాలేజీ మారే వెసులుబాటు అంతకుముందే వచ్చింది. 2021 నుంచి తమ పేరు, బొమ్మ వాడుకున్నందుకు డబ్బు తీసుకోవచ్చు. 2025లో కోర్టు ఆమోదించిన ఒప్పందంతో యూనివర్సిటీలే నేరుగా చెల్లించవచ్చు. ఇక డబ్బున్న జట్టు ఏటా స్టార్లను తెచ్చుకుంటుంది, నాలుగేళ్ల కుర్రాళ్ల కాలం చెల్లిందని వాళ్ల వాదన. నాకు ఇది సగమే ఒప్పనిపిస్తుంది. కొత్త దారిలో వచ్చేవాళ్లు మరింత తయారై వస్తారు, మరింత త్వరగా వెళ్తారు. అంటే వెళ్లేవాళ్ల జాబితా పెరుగుతుంది. పొరుగు కాలేజీ వెళ్లగొట్టిన మూడో ఏడాది డిఫెన్స్‌మన్ ఎవరు, ఉన్న గోలీ ఇంకో ఏడాది ఉంటాడా అన్నవి ఇప్పుడు మునుపటికన్నా బరువైన ప్రశ్నలు. పెన్ స్టేట్ 2025లో తొలిసారి ఫ్రోజెన్ ఫోర్‌కు చేరింది మెకెన్నా రాకముందే, ఓపిగ్గా కట్టుకున్న జట్టుతో.

పదిహేనేళ్ల పిల్లల పేర్లకు వేలమంది మార్కులు వేయడం క్రూరం కాదా అన్న ప్రశ్న నన్ను అన్నిటికన్నా ఎక్కువగా ఆలోచింపజేస్తుంది. క్రూరమే, పిల్లాడిని షేరు ధరలా చూస్తే. అయితే వాళ్లను పట్టించుకునేవాళ్లు ఉండటం వల్లే యూనివర్సిటీ ఇచ్చిన మాట నిలుస్తోందా లేదా అన్నది బయటపడుతుంది. 2008లో డేవిడ్ కార్ల్ అనే కుర్రాడు డెన్వర్‌లో చేరబోతున్న రిక్రూట్. డ్రాఫ్టు ముంగిట వైద్య పరీక్షల్లో గుండె కండరం మందమయ్యే జబ్బు బయటపడింది. ఇక ఆడకూడదన్నారు. టాంపా బే క్లబ్బు అయినా చివరి రౌండులో అతని పేరు పిలిచింది. డెన్వర్ కోచ్ జార్జ్ గ్వాజ్‌డెకీ స్కాలర్‌షిప్‌ను వెనక్కి తీసుకోలేదు. చదువుకుంటూనే కోచింగ్‌లో సాయం చేసిన కార్ల్ 2018లో అదే జట్టుకు హెడ్ కోచ్ అయ్యాడు. 2022లో, 2024లో డెన్వర్‌ను గెలిపించింది ఆయనే. ఒక్క నిమిషం కూడా ఆడని రిక్రూట్.

అలాంటి చోటు ఇకపై మిగులుతుందా అన్నది అభిమానులు అడగవలసిన మాట. అదే 2025 ఒప్పందంలో చేరిన యూనివర్సిటీలకు హాకీ జట్టులో స్కాలర్‌షిప్‌ల పరిమితి పోయింది, దాని బదులు జట్టు మొత్తమే 26 మందికి మించకూడదన్న నియమం వచ్చింది. ఎక్కువమందిని ఉంచుకునే అలవాటున్న జట్లలో చివరి వరస కుర్రాళ్లకూ, అప్పటికే మాట తీసుకున్న కొందరు రిక్రూట్లకూ చోటు పోయే ప్రమాదం వచ్చింది. న్యాయమూర్తి పట్టుబట్టాక అలా నష్టపోయేవాళ్లను లెక్కలోకి రాకుండా ఉంచుకోవచ్చని మినహాయింపు చేర్చారు. ఇవ్వడమా మానడమా అన్నది మాత్రం ఆయా యూనివర్సిటీల ఇష్టానికే వదిలారు. మొదటి రౌండు పేర్ల కోసం వేసవంతా ఎదురుచూసేవాళ్లు, తమ కాలేజీ ఆ ఇష్టాన్ని ఎటు వాడుతోందో కూడా పేరుపేరునా అడగాలి.