రవ్వ రాలితే చాలదు, అందుకునే దూది ఉండాలి

చెకుముకి కడ్డీ చూడడానికి చిటికెన వేలంత నల్లటి లోహపు ముక్క. ఉక్కు అంచుతో గట్టిగా గీస్తే తెల్లటి రవ్వలు జలజల రాలతాయి. సీరియం, లాంథనం వంటి అరుదైన మృత్తిక లోహాలకు ఇనుము కలిపి దీన్ని తయారుచేస్తారు. పాన్‌డబ్బాలో దొరికే సిగరెట్ లైటర్‌లో గింజంత రాయిగా ఉండేదీ ఇదే మిశ్రమం.

గొర్రెల కాపరులు, బండ్లవాళ్లు చుట్ట వెలిగించుకోవడానికి దాచుకున్న పాత చెకుముకి తీరు వేరు. పలుగురాయి, ఉక్కు ముక్క, కొస మాడిన దూది: ఇవే అందులోని సామగ్రి. రాయి అంచు తగలగానే ఉక్కు నుంచి సన్నని పొట్టు లేచి గాలిలో మండుతుంది. ఆ రవ్వకు వేడీ తక్కువే, ఆయుష్షూ తక్కువే. కడ్డీలోని సీరియం అలా కాదు. దాని పొడి సుమారు 150-180 డిగ్రీల దగ్గరే అంటుకుంటుంది కాబట్టి గీతలో పుట్టిన రాపిడి వేడే సరిపోతుంది. మండే రవ్వ వేడి 3,000 డిగ్రీల సెల్సియస్ దాకా వెళ్తుంది.

ఈ మిశ్రమానికి 1903లో పేటెంట్ తీసుకున్నవాడు ఆస్ట్రియా రసాయన శాస్త్రవేత్త కార్ల్ ఆవర్ ఫాన్ వెల్స్‌బాక్. పెట్రోమాక్స్ లైట్లలో తెల్లగా వెలిగే మ్యాంటిల్ కూడా ఆయన కనిపెట్టిందే. మ్యాంటిల్‌కు కావలసిన థోరియాన్ని మోనజైట్ ఇసుక నుంచి తీసేవారు. అది తీశాక మిగిలిపోయిన లోహాలే రవ్వలు రాల్చే రాయికి ముడిసరుకయ్యాయి. మన ఊళ్లలో పెళ్లి ఊరేగింపులకు వెలుగిచ్చిన మ్యాంటిల్, లైటర్ రాయి ఒకే ఇసుక బిడ్డలన్నమాట. దేశంలో మోనజైట్ నిల్వలు అత్యధికంగా ఉన్న రాష్ట్రం ఆంధ్రప్రదేశ్. భీమునిపట్నం తీరం వాటికి పేరుపడ్డది. 

ఎంత వేడి రవ్వ అయినా రెప్పపాటులో ఆరిపోతుంది. దాన్ని అందుకునే మెత్తటి పీచు లేకపోతే ఎంత గీసినా చేతికి నొప్పే మిగులుతుంది. అసలు నేర్పంతా ఈ పీచు తయారీలోనే ఉంది, దానికి కావలసినవేవీ ఖరీదైనవి కావు. హైదరాబాద్ పంజాగుట్టలోని నిమ్స్ ఆసుపత్రి చుట్టుపక్కల ఏ మందుల షాపులోనైనా దూది, పెట్రోలియం జెల్లీ దొరుకుతాయి. దూది ఉండకు జెల్లీ బాగా పట్టించి చిన్న డబ్బాలో దాచుకోవాలి. వాడేటప్పుడు పోగులు లేచేలా విప్పాలి. పోగులు రవ్వను పట్టుకుంటాయి, జెల్లీ మంటను కొన్ని నిమిషాలు నిలబెడుతుంది. ఉత్త దూది భగ్గుమని క్షణాల్లో అయిపోతుంది, బూరుగు దూదైతే మరీ త్వరగా. కొబ్బరి పీచును, గోనె దారాలను అరచేతుల మధ్య నలిపి నూగులా చేసినా పనికొస్తాయి. బల్కంపేట ఎల్లమ్మ గుడి దగ్గర అమ్మే కర్పూరాన్ని పొడి చేసి ఆ పీచులో కలిపితే మంట ఇంకా సులువుగా అందుకుంటుంది.

మాడ్చిన గుడ్డ అన్నిటికన్నా నమ్మకమైనది. పాత నూలు పంచె ముక్కలను మూతకు సన్న బెజ్జం ఉన్న రేకు డబ్బాలో పెట్టి, ఆరుబయట నిప్పుల మీద ఉంచాలి. బెజ్జంలోంచి పొగ రావడం ఆగాక దించి, పూర్తిగా చల్లారాకే మూత తీయాలి. వేడిగా ఉండగా తీస్తే గాలి తగిలి గుడ్డంతా బూడిదవుతుంది. సరిగ్గా మాడిన గుడ్డ పాత చెకుముకి రాల్చే బలహీనమైన రవ్వనూ పట్టుకుంటుంది. మంట రాదు; ఎర్రగా కణకణలాడుతుంది. దాన్ని కొబ్బరి పీచు గూటిలో పెట్టి మెల్లగా ఊదితే మంట లేస్తుంది.

కొత్త కడ్డీ మీది నల్లపూతను ముందు గీకేయాలి. గీయడానికి చాకు వెనుక అంచో, విరిగిన హ్యాక్సా బ్లేడు ముక్కో చాలు. ఆ అంచును పీచుకు పైన కదలకుండా పట్టుకుని కడ్డీనే వెనక్కి లాగాలి. అంచును ముందుకు తోస్తే చెయ్యి తగిలి పీచు చెదిరిపోతుంది. వేగం కన్నా ఒత్తిడి ముఖ్యం. కడ్డీ తడిసినా తుడిచి వాడొచ్చు, అగ్గిపెట్టెకు లేని గుణమిది. మంట లేచాక అగ్గిపుల్లంత చితుకులు, తర్వాత పెన్సిలంతవి, ఆపైన వేలంత పుల్లలు వేయాలి. తొందరపడి మొద్దు వేస్తే మంట ఊపిరాడక చస్తుంది. పిడక వేస్తే నిప్పు చాలాసేపు నిలుస్తుంది.

ఎక్కడ వెలిగించాలన్నది చిన్న విషయం కాదు. పంజాగుట్టకు దగ్గరలోని కేబీఆర్ జాతీయ ఉద్యానంలో గానీ, అనంతగిరి వంటి రిజర్వు అడవుల్లో గానీ నిప్పు పెట్టడం నేరం. ఫిబ్రవరి నుంచి మే దాకా ఆకు రాలిన తెలంగాణ అడవికి ఒక్క రవ్వ చాలు. నెగడు వేసేది అనుమతి ఉన్న శిబిరంలోనో, యజమాని ఒప్పుకున్న పొలంలోనో అయి ఉండాలి. చుట్టూ ఎండుగడ్డి చెక్కేసి, బిందెడు నీళ్లు పక్కన పెట్టుకున్నాకే కడ్డీ తీయాలి. లేచేముందు నీళ్లు పోసి, బూడిదను కర్రతో కలియబెట్టి, మళ్లీ నీళ్లు పోయాలి. బూడిదకు చెయ్యి దగ్గరగా పెట్టినప్పుడు వేడి తగలకపోతే నిప్పు పూర్తిగా ఆరినట్టు.