సిపాయి చెప్పుకొనని జబ్బు

చిత్తూరు, తిరుపతి ప్రాంతముల పల్లెలలో సైన్యమునుండి విడుదలయై వచ్చి, సేద్యమో చిన్న వ్యాపారమో చేసికొనుచు కాలము గడపువారు కలరు. వారికి సర్కారునుండి ఇంగ్లీషు కాగితమొకటి వచ్చినచో, చదివి చెప్పుమని పోవునది తరచుగా ఊరి బడిపంతులు వద్దకే. అట్టి కాగితములలో అంగవైకల్యపు పింఛనుకు సంబంధించినవి మిక్కిలి చిక్కైనవి. వానిలోను చిక్కైనది, విడుదలనాడు వ్రాయింపని జబ్బును పిమ్మట చేర్పింపవలసివచ్చుట.

సైనికుడు కొలువు చాలించుటకు ముందు వైద్యమండలి అతనిని పరీక్షించును. దీనిని సిపాయిలు 'రిలీజ్ మెడికల్ బోర్డు' అందురు. ఆ బోర్డు పత్రములో సైనికుడు స్వయముగా చెప్పవలసిన భాగమొకటి కలదు. ఎక్కడెక్కడ పనిచేసెను, ఏ జబ్బు ఎప్పుడు మొదలయ్యెను, కొలువులో చేరకముందు అది ఉండెనా అను ప్రశ్నలకు అతడే సమాధాన మీయవలెను. తరువాత వైద్యులు రెండు సంగతులు తేల్చుదురు. జబ్బును కొలువు కలిగించినదా, లేక ఉన్న జబ్బును ముదిరించినదా యనునది మొదటిది. దానివలన శరీరము నూటికెన్ని పాళ్లు చెడినదనునది రెండవది. కలిగించుటకును ముదిరించుటకును అర్థములో ఎంత భేదమున్నను పింఛను విషయమున ఏది రుజువైనను చాలును. రెండును కావని వ్రాసినచో నష్టమెంత యున్నను ఫలము లేదు. నూటికి 20 పాళ్లకు లోబడినచో సాధారణముగా పింఛను రాదు.

పలమనేరు ప్రాంతమునుండి వెళ్ళి ఫిరంగిదళములో పదునేడేండ్లు పనిచేసిన జవాను నొకనిని ఊహింతము. అతని మోకాలి గాయము కాగితములలో నున్నది. జారిపడిన నాడే ఆస్పత్రిలో చేర్చిరి. చెవిలోని హోరు మాత్రము ఏ కాగితములోను లేదు. ఫిరంగి ప్రక్కన నిలిచినవానికి చెవి హోరెత్తుట వింతయా యని అతడే ఊరకుండెను. అంతకంటె బలమైన కారణము వేరొకటి కలదు. సైన్యములో మనస్సు, వినికిడి, కాలుసేతులు, దేహస్థితి, చూపు అను ఐదింటికి శ్రేణులు వేసి, ఇంగ్లీషు అక్షరములను కూర్చి దానిని 'షేప్' అందురు. అన్నిటను ఒకటవ శ్రేణిలో నున్నవాడు 'షేప్ వన్'. శ్రేణి దిగినచో పదోన్నతికి అడ్డము వచ్చునని భయము. తోడివారిలో చులకన యగుదునను బిడియము సరేసరి. కనుక చెవి సంగతి దాచెను. ధైర్యమునకు పేరుపడిన వృత్తిలో నొప్పి చెప్పుకొనుటకే ధైర్యము చాలకపోవుట విచిత్రమే.

బోర్డు మోకాలికి 15 పాళ్లు వేసినదనుకొందము. పింఛను లేదు. చెవి కూడ చేరియున్నచో లెక్క మారియుండెడిది. రెండు జబ్బులున్నపుడు పాళ్లను ఊరక కూడరు. ఒకదాని నష్టము రెండవదానిలో ఎంత కలిసిపోయినదో చూచి మొత్తముమీద ఒక అంకె వేయుదురు. ఆ అంకె 20 అయినచో, పింఛను కొరకు దానిని 50గా లెక్కింతురు. కాలపరిమితి ముగించుకొని వచ్చినవారికిని ఈ సౌకర్యము కలదని సుప్రీంకోర్టు 2014 డిసెంబరులో రామ్ అవతార్ వ్యాజ్యమున తీర్మానించెను. చెప్పిన చెవికిని చెప్పని చెవికిని నడుమ భేదమెంతయో దీనిని బట్టి గ్రహింపవచ్చును.

బోర్డు ముగియకముందే నోరు విప్పినచో చెవి వైద్యునిచే పరీక్ష చేయించి పత్రములో చేర్చుటకు వీలుండును. ముగిసిన పిమ్మట దారి పొడవు. తిరస్కార పత్రము అందిన ఆరు నెలలలో మొదటి అప్పీలు, అదియు పోయినచో రెండవ అప్పీలు. ఆపైన, 2007 చట్టము ననుసరించి 2009లో ఏర్పడిన సాయుధదళముల ట్రిబ్యునలు. ఆంధ్రప్రదేశ్ వారి వ్యాజ్యములు దాని చెన్నై పీఠము క్రిందికి వచ్చును. కొలువులో నాటుకొనిన జబ్బు విడుదలైన పిదప బయటపడినదని వైద్యులు నిర్ణయించినచో దానిని అంగీకరించుటకును నియమములు చోటిచ్చినవి.

న్యాయస్థానములు ఈ విషయమున సైనికునియెడ చాలవరకు దయగానే యున్నవి. ధరమ్‌వీర్ సింగు 1985లో సిగ్నల్సు దళమున చేరి, మూర్ఛవ్యాధితో 1994లో ఇంటికి పంపబడెను. నష్టము 20 పాళ్లు. జబ్బు పుట్టుకతో వచ్చినదని బోర్డు వ్రాసెనే గాని కారణము చూపలేదు. చేరునాటి కాగితములో లేని జబ్బు కొలువులోనే వచ్చినట్లు భావింపవలెననియు, సందేహముయొక్క లాభము సైనికునికే చెందవలెననియు సుప్రీంకోర్టు 2013లో తీర్పు చెప్పెను. ఇది 1982 నాటి నియమములలో నున్న మాటయే.

ఆలస్యమునకు మూల్యము మాత్రము తప్పదు. 1983లో అనారోగ్యకారణమున పంపివేయబడిన తర్సేమ్ సింగు 1999లో గాని హైకోర్టు మెట్లెక్కలేదు. పింఛను నెలనెలకు పుట్టు హక్కు గనుక ఆలస్యమువలన అది చావదని సుప్రీంకోర్టు 2008లో అంగీకరించెను గాని, బకాయిని వ్యాజ్యము వేయుటకు ముందరి మూడేండ్లకే పరిమితము చేసెను. అంతకుముందరిది నీళ్ళపాలైనది. 2008 నాటి నియమములు మరింత కఠినముగా, విడుదలైన 15 ఏండ్ల పిమ్మట, కొలువు కాగితములు గడువుతీరి నాశనమైన తరువాత అడిగినచో రుజువు భారము సైనికునిదే యనినవి. 2023 సెప్టెంబరు 21 తరువాత విడుదలైనవారికి వేరు నియమములు వచ్చినవి. పాత తీర్పులు వారికి ఎంతవరకు వర్తించునో విడిగా చూచుకొనవలెను.

ఆలస్యము ఎల్లప్పుడును సైనికుని తప్పు కాదు. యుద్ధభీతి మనస్సును కలచు వ్యాధికి నేటి పేరు పెట్టి అమెరికా మనోవైద్యులు తమ పట్టికలో చేర్చినది 1980లో. వియత్నాములో చల్లిన 'ఏజెంట్ ఆరెంజ్' విషముతో ముడిపడిన కొన్ని జబ్బులను, సైనికుడు వేరుగా రుజువు చూపకుండగనే అంగీకరించుటకు అక్కడ చట్టము వచ్చినది 1991లో, యుద్ధము ముగిసిన పదునారేండ్లకు. పేరే లేని జబ్బును విడుదలనాడు ఎవడు వ్రాయింపగలడు?

కనుక అర్జీ వ్రాసిపెట్టు పంతులు 'చెవి వినపడుట లేదు' అని వ్రాసి ఊరకుండరాదు. ఏ దళమున, ఏ యేట, ఏ ఫిరంగి వద్ద, ఎన్నేండ్లు నిలిచెను. హోరు మొదట ఎప్పుడు తెలిసెను. యూనిటు వైద్యునికి ఎన్నడైన చూపెనా. సెలవులో వచ్చినపుడు తిరుపతిలోనో వేలూరులోనో చూపించుకొనిన చీటీ ఇంటి పెట్టెలో నున్నదా — ఇవి అడిగి, తేదీలతో వ్రాయవలెను. చీటీ దొరకినచో అసలు ఇంటనే ఉంచి నకలు పంపవలెను.