తెరమీద తిరుగు ఉపగ్రహము

బొంగరము త్రిప్పని బాలుడు అరుదు. వడిగా తిరుగునంతవరకు అది ములికిమీద నిటారుగా నిలుచును; వడి తగ్గిన వెంటనే తూలిపడును. ఆకాశమున ఉపగ్రహమును ఒకే దిక్కునకు నిలిపియుంచుటకు ఇంజనీర్లు ఈ ఉపాయమునే వాడిరి. దానిని గిరగిర త్రిప్పి వదలిపెట్టుదురు.

1958 జనవరి 31వ తేదీ రాత్రి అమెరికా తన మొదటి ఉపగ్రహమైన ఎక్స్‌ప్లోరర్-1ను పంపెను. అది రెండు మీటర్ల పొడవు గల సన్నని గొట్టము. బరువు సుమారు 14 కిలోగ్రాములు. అరచేతుల నడుమ నలిపిన పెన్సిలువలె అది తిరుగుచుండునని నిపుణులు తలచిరి. కాని కొలదికాలములోనే ఆ గొట్టము, కఱ్ఱను నడుమ పట్టి త్రిప్పినట్లు, అడ్డముగా తిరుగజొచ్చెను. అదృష్టవశమున దాని పరిశోధన మాత్రము చెడలేదు.

కారణమేమి? గొట్టమునకు నాలుగు మెత్తని యాంటెన్నా తీగలు కలవు. అవి ఊగినప్పుడెల్ల కొంత శక్తి వేడిగా మారి వ్యయమగును. కాని బయటినుండి త్రిప్పు బలమేదియు లేనిచో కోణీయ ద్రవ్యవేగము తగ్గదు. శక్తి తగ్గవలెను, ద్రవ్యవేగము తగ్గరాదు! అందులకు మార్గ మొక్కటే: జడత్వ భ్రామకము మిక్కిలి ఎక్కువగా నున్న ఇరుసు చుట్టు నెమ్మదిగా తిరుగుట. 18వ శతాబ్దిలోనే ఆయిలర్ తిరుగు వస్తువులకు సమీకరణములు వ్రాసియుండెను. అయితే అవి వంగని వస్తువులకు వ్రాసినవి. తీగలు వంగునను మాట వానిలో లేదు.

ఈ విషయమును నల్లబల్లపై బోధించుట కష్టము. మూడు దిక్కుల కదలికను సుద్దముక్క ఎట్లు చూపగలదు? కంప్యూటరు తెర ఈ కొరతను తీర్చినది. యంత్రము ఆ సమీకరణములను క్షణక్షణము సాధించుచు, బొమ్మను సెకనుకు పెక్కుమార్లు క్రొత్తగా గీయుచుండును. కోణీయ ద్రవ్యవేగమును చూపు బాణపుగుర్తు కదలక నిలుచును. గొట్టము దాని చుట్టు మొదట సన్నని శంకువును గీయును; తీగలను మెత్తన చేసినచో శంకువు మెల్లమెల్లగా వెడల్పగును; తుదకు గొట్టము అడ్డముగా పడి తిరుగును. విద్యార్థి దీనిని చూచి ఊరకుండడు. మీట నొక్కి మొదటికి వచ్చును. తీగలను అట్లే యుంచి, గొట్టమును కుదించి పళ్ళెమువలె చేయును. ఈసారి ఎంతసేపు చూచినను అది తొణకదు.

1965లో ఎగసిన ఎర్లీ బర్డ్ ఉపగ్రహము కూడ తిరుగుచు నిలుచునట్టిదే. దాని వెడల్పు ఎత్తుకంటె ఎక్కువ.