ఓటు లేని నగరంలో వలస కార్మికుడి గొంతు

రియాద్‌లో వీధి దీపం వెలగకపోయినా, చెత్తకుండీ పొంగి రోడ్డు మీద పడుతున్నా మునిసిపల్ ఫిర్యాదుల నంబరు 940కి ఫోన్ చేయొచ్చు. 'బలది' యాప్‌లో ఫొటో పెట్టి, ఆ చోటు ఎక్కడో మ్యాపులో గుర్తిస్తే ఫిర్యాదుకు ఓ నంబరు వస్తుంది. ఫిర్యాదు చేసేది సౌదీ పౌరుడే కానక్కర్లేదు, జగిత్యాల నుంచి వెళ్లిన తాపీ మేస్త్రీ అయినా చేయొచ్చు.

ఇది చిన్న విషయం కాదు. 2022 జనాభా లెక్కల ప్రకారం సౌదీలో 3.22 కోట్ల మంది ఉంటే, అందులో 1.34 కోట్ల మంది విదేశీయులే. భారతీయులు సుమారు 18.8 లక్షలు. మునిసిపాలిటీని మన గల్ఫ్ కార్మికులు అక్కడి మాటలోనే 'బలదియా' అంటారు. ఆ బలదియా కాంట్రాక్టుల్లో వీధులు ఊడ్చేవాళ్లలో మనవాళ్లూ ఉన్నారు.

అయితే నగరాన్ని ఎలా నడపాలో నిర్ణయించే చోట మాత్రం వీళ్లకు స్థానం లేదు. 2005, 2011, 2015లలో మునిసిపల్ కౌన్సిళ్లకు ఎన్నికలు జరిగాయి. సౌదీ మహిళలు 2015లో తొలిసారి ఓటేశారు, పోటీ చేసి గెలిచారు కూడా. విదేశీయులకు ఓటు లేదు. స్వీడన్ 1976 నుంచే కొన్నేళ్లు నివసించిన విదేశీయులకు స్థానిక ఎన్నికల్లో ఓటు ఇస్తోంది. దక్షిణ కొరియాలో శాశ్వత నివాసం పొందిన విదేశీయులు 2006లో తొలిసారి స్థానిక ఎన్నికల్లో ఓటేశారు. ఇక సొంతూళ్లో? ప్రవాస భారతీయులు 2011 నుంచి ఓటర్లుగా నమోదు కావచ్చు గానీ, ఓటేయాలంటే స్వయంగా పోలింగ్ కేంద్రానికి రావాలి. విమాన టికెట్టుకు రెండు నెలల జీతం లెక్కేసుకునేవాడికి అది అందని హక్కే.

ఓటు లేకపోయినా, కష్టకాలంలో ప్రభుత్వం తమనూ లెక్కలోకి తీసుకుందన్న అనుభవం వీళ్లకు ఉంది. 2020 మార్చి చివర్లో, అకామా (నివాస అనుమతి) లేనివాళ్లకు కూడా కొవిడ్ వైద్యం ఉచితమని రాజు సల్మాన్ ఆదేశించారు. ఇరుకు గదుల్లో కిక్కిరిసిన కార్మికుల కోసం బడి భవనాలను తాత్కాలిక వసతిగా మార్చారు.

2024 అక్టోబరులో పండుగ రూపంలో మరో తలుపు తెరుచుకుంది. రియాద్‌లోని సువైదీ పార్కులో వలస సమాజాల సంస్కృతులకు వారాలు కేటాయించి, 13 నుంచి 21 వరకు భారత్‌కు ఇచ్చారు. రోజంతా సైట్లలో పనిచేసే మనుషులు ఆ సాయంత్రాలు కుటుంబాలతో, స్నేహితులతో కలిసి ఆ నగరంలోనే తమ పాటలు విన్నారు.

ఆటపాటలకు దొరికిన చోటు హక్కుల మాటకు ఇంకా దొరకలేదు. కార్మిక సంఘాలకు అనుమతి లేదు. 2021 మార్చి నుంచి అమలైన సంస్కరణలతో చాలామంది ప్రైవేటు ఉద్యోగులు నిబంధనలకు లోబడి కఫీల్ (పూచీ ఉండే యజమాని) అనుమతి లేకుండానే ఉద్యోగం మారొచ్చు. కానీ ఇంటి పనివాళ్లు, ఇంటి డ్రైవర్లు ఆ సంస్కరణల పరిధిలోకి రాలేదు. కఫీల్‌ను వదిలి బయట పనిచేసే 'ఖల్లివల్లి' కార్మికుడైతే ఏ నంబరుకు ఫోన్ చేయాలన్నా పట్టుబడతానని భయపడతాడు.

సాయానికీ కార్మికుడికీ మధ్య ఉన్న ఈ దూరాన్ని తోటి వలసజీవులే తగ్గిస్తున్నారు. 2017లో అకామా ఉల్లంఘించినవారికి 90 రోజుల గడువిచ్చి ఇళ్లకు వెళ్లమన్నప్పుడు, ఫారాలు నింపడం నుంచి రాయబార కార్యాలయం దాకా వెంట వెళ్లడం వరకు భారతీయ స్వచ్ఛంద కార్యకర్తలు సాయపడ్డారు. జీతం ఆగితే కార్మిక శాఖ నంబరు 19911కి ఫోన్ చేయాలని, ముందు రాజీ ప్రయత్నం, కుదరకపోతే లేబర్ కోర్టు అని కొత్తవాళ్లకు చెప్పేదీ ఎక్కువగా ఇలాంటివాళ్లే.

అక్కడికి వెళ్లాక నేర్చుకునే ఈ సంగతులు ఇక్కడే తెలిస్తే ఎంతో మేలు. ప్రయాణానికి ముందు విదేశాంగ శాఖ ఇప్పించే శిక్షణలో 940, 19911 నంబర్లను తెలుగులో నేర్పాలి. సౌదీ ప్రభుత్వ సేవల యాప్ 'అబ్షర్'లో ఖాతా తెరిచి అకామా గడువు చూసుకోవడం, ఉద్యోగ ఒప్పందాల వేదిక 'కివా'లో తన కాంట్రాక్టును తానే చదువుకోవడం ఫోన్ చేతికిచ్చి చేయించాలి. ఆ ఖాతాల పాస్‌వర్డులు ఏజెంటు దగ్గరో కఫీల్ దగ్గరో కాకుండా కార్మికుడి చేతిలోనే ఉండాలని కరీంనగర్‌లో, నిజామాబాద్‌లో, రాయచోటిలో విమానం ఎక్కకముందే గట్టిగా చెప్పాలి.