కొనని వస్తువుకు పలికిన సాక్ష్యం



 

గత నెల జుమా నమాజు ముగిసిన పిదప ఒక యువకుడు నా వద్ద ఆగాడు. డిగ్రీ విద్యార్థి. ఫోన్‌లో చేసుకునే పని దొరికిందనీ, ఒక్కో రివ్యూకు ముప్పై రూపాయలు ఇస్తారనీ చెప్పాడు. అడుగుపెట్టని హోటలుకు, వాడని మిక్సీకి ఐదు స్టార్లు వేసి, మా ఇంట్లో అందరికీ నచ్చిందని వ్రాయడమే ఆ పని. "హజ్రత్, నేనెవరి సొమ్మూ దొంగిలించలేదు కదా, ఇది హరామా?" అని అడిగాడు.

ప్రశ్న కొత్తది, పని పాతది. కొనే ఉద్దేశం లేనివాడు బేరంలో దూరి, ఇతరులను మోసగించేందుకు ధర పెంచి పలకడాన్ని 'నజష్' అంటారు. దైవప్రవక్త (స) దానిని నిషేధించినట్లు బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉంది. నేటి మనిషి ధరకు బదులు పొగడ్తను పెంచుతున్నాడు, అంతే తేడా.

నా దృష్టిలో ఇది నజష్ కంటే బరువైనది. "నేను వాడాను" అన్న మాట సాక్ష్యం. ఘోర పాపాలను వివరిస్తూ ఆనుకొని కూర్చున్న దైవప్రవక్త (స), అబద్ధ సాక్ష్యం ప్రస్తావన రాగానే నిటారుగా కూర్చున్నారు. ఇక చాలిస్తే బాగుండునని సహచరులు అనుకునేంతగా ఆ మాటను పదే పదే పలికారు. న్యాయస్థానంలో సాక్షిని ఎదురు ప్రశ్నించవచ్చు. కూలి డబ్బు కూడబెట్టి మిక్సీ కొనే తల్లి ఈ సాక్షిని ఏమని ప్రశ్నించగలదు?

మన దేశంలో భారత ప్రమాణాల సంస్థ 2022 నవంబరులో ఐ.ఎస్. 19000 ప్రమాణాన్ని వెలువరించి, డబ్బిచ్చి వ్రాయించిన రివ్యూలను ప్రచురించరాదన్నది. చట్టానికి దొరుకుతామా లేదా అన్నది వేరే మాట.

చెడును చెబితే గీబత్ అవుతుందేమోనని కొందరు సంకోచిస్తారు. ఫాతిమా బిన్తె ఖైస్ (రజి) తనను వివాహమాడగోరిన ఇద్దరిని గురించి సలహా అడిగినప్పుడు, దైవప్రవక్త (స) ఒకరి పేదరికాన్నీ మరొకరి కఠినత్వాన్నీ దాచకుండా తెలిపారు. మేలు కోరి అవసరమైన నిజం చెప్పడం గీబత్ కాదు. కనుక బిర్యానీ పాచిపోయి ఉంటే అలాగే వ్రాయండి. యజమాని ఇంటి సంగతులు మాత్రం వద్దు. పోటీ దుకాణంపై అక్కసుతో కల్పించి వ్రాసేది కూడా అబద్ధ సాక్ష్యమే.

వ్యాపారులకూ ఒక మాట. కొన్నవారిని నిజాయితీగా నాలుగు మాటలు వ్రాయమని కోరడంలో దోషం లేదు. ఐదు స్టార్లు వేస్తేనే తగ్గింపు అనడం సాక్ష్యాన్ని కొనడమే. బావమరుదుల చేత వ్రాయించడం గురించి నేను చెప్పనక్కరలేదు.

ఇక ఆ యువకుని సంగతి. సత్యాన్ని దాచినవారి తౌబా గురించి బఖరా సూరా 160వ ఆయతు మూడు విషయాలు చెబుతుంది: పశ్చాత్తాపపడటం, సంస్కరించుకోవడం, దాచినదాన్ని విశదపరచడం. కాబట్టి వ్రాసినవన్నీ తొలగించమన్నాను. మోసపోయిన వారెవరో తెలియదు గనుక, ఆ సంపాదనను పుణ్యం ఆశించకుండా పేదలకు ఇచ్చివేయమన్నాను.

మరుసటి శుక్రవారం వచ్చాడు. నలభై ఒకటి తొలగించాడట. మరో ఏడు వ్రాసిన ఖాతాల పాస్‌వర్డ్‌లు ఏజెంటు వద్ద ఉన్నాయట. ముందు అతణ్ణి అడగమన్నాను. వినకపోతే, అవి తాను వ్రాసిన అబద్ధాలేనని ఆ వెబ్‌సైటు వారికే తెలియజేయమన్నాను.