పిల్లలకంటె ముందు ఉపాధ్యాయులు విడిదిచేయవలెను

బాలబాలికలను ఒక రాత్రి బడిగోడల వెలుపల, ఆకాశము క్రింద నిద్రింపజేయుట మంచి చదువే. నక్షత్రముల పేళ్ళు పుస్తకమున వల్లించిన బాలుడు వానిని కన్నులార చూడవలదా? 1910లో బందరున ఆంధ్ర జాతీయ కళాశాలను నెలకొల్పిన కోపల్లె హనుమంతరావుగారు మున్నగు పెద్దలు చేతిపనిని చదువుతో జోడించినది తరగతిగది యొక్కటియే చాలదను తలంపుతోనే. పామర్రు అట్టి యాత్రలకు మిక్కిలి అనువైన తావు. విజయవాడ బందరు బాటమీద నున్నది, గుడివాడత్రోవ యిచ్చటనే చీలును, కూచిపూడి చేరువ, ఘంటసాల బౌద్ధావశేషములను, హంసలదీవికడ కృష్ణ సముద్రమున కలియుటను చూచిరావచ్చును.

ఐనను మేమొక ప్రశ్న అడుగవలసియున్నది. బస్సు కుదురును, వంటవాడు కుదురును, గుడారములు అద్దెకు వచ్చును. వెంటపోవు ఉపాధ్యాయుని సిద్ధపరచువారెవరు? పగలు నలువదిమంది పిల్లలను నడిపింపగలవాడు రాత్రియు నడిపింపగలడని తలంచుట పొరపాటు. రాత్రి పిల్లవాడు వేరు. ఇంటికడ అమ్మ ప్రక్కన పరుండువాడు కొత్తచోట దిగులుపడి యేడ్చును. ఒకనికి ఉబ్బసము, ఒకనికి మూర్ఛ. ఆడపిల్లకు బహిష్టు కావచ్చును, ఆ మాట మాస్టరుగారితో చెప్పనేరదు. వీనినన్నిటిని తలిదండ్రులనుండి ముందుగా, రహస్యముగా అడిగి తెలిసికొనవలెను. ఆడపిల్లలున్నచోట ఉపాధ్యాయినులు, మరుగుదొడ్డి, దీపము ఉండితీరవలెను.

డెల్టాలో రాత్రి అనగా పాము అని మన రైతులకు చెప్పనక్కరలేదు. 2018 వర్షకాలమున అవనిగడ్డ ప్రాంతమున పాముకాట్లు మిక్కుటమై జనులు తల్లడిల్లిన సంగతి పాఠకులు మరచియుండరు. రక్తపింజర కాటు నొప్పితో, వాపుతో తన్ను తానే చాటుకొనును. కట్లపాము అట్లుకాదు. నేలమీద పరున్నవానిని నిద్రలో కరచును; నొప్పి యుండకపోవచ్చును, గంటు కనబడకపోవచ్చును. తెల్లవారుజామున కడుపునొప్పి యని పిల్లవాడు మూలిగిన, రాత్రి తిన్న పులిహోర పడలేదని ఉపాధ్యాయుడు వామునీళ్ళు త్రాగించును. కనురెప్పలు వాలుట, మాట ముద్దయగుట చూచి గుర్తుపట్టువాడే ఆ ప్రాణమును కాపాడగలడు. గాయమును కోయరాదు, తాడుతో బిగించి కట్టరాదు, పసరు మంత్రము లని జాగుచేయరాదు. కరచిన అంగమును కదలనీయక విషపు విరుగుడు మందున్న ఆసుపత్రికి చేర్చవలెను. 108 బండి 2005 నుండి మనకున్నది. ఏ ఆసుపత్రిలో ఆ మందు నిలువయున్నదో బయలుదేరకముందే అడుగని ఉపాధ్యాయునికి బండి వచ్చియు ఏమి లాభము? దోమతెర అంచులను చాపక్రిందకు దోపుట చిన్న పనియే. దోమను, కట్లపామును అదియే ఆపును. కోతలైన పిదప గడ్డివాముకడ పక్కలు పరచుట పిల్లలకు సరదాయే. ఎలుకలకును, వానివెంట వచ్చు పాములకును గడ్డివామే ఇల్లు.

నీటిమాట వేరుగా చెప్పవలెను. 2014 జూన్ 8న హిమాచల ప్రదేశమున బియాస్ నదిలో, ఎగువ ఆనకట్టనుండి విడిచిన నీరు ఒక్కపెట్టున వచ్చిపడగా, హైదరాబాదునుండి విహారమునకు వెళ్ళిన ఇంజనీరింగు విద్యార్థులు 24 మంది కొట్టుకొనిపోయిరి. వారు నిలిచినచోటు అంతకుముందు క్షణమువరకు రాళ్ళతో, పలుచని నీటితో నిరపాయముగా కనబడినదే. మన కాలువలు ఆ కొండయేరువంటివి కావు. కాని తలుపులెత్తిన నీరు పెరుగుట ఇచ్చటను కలదు. గట్లు జారును, లోతు బురదక్రింద దాగియుండును. విడిది పెట్టుటకు ముందు లస్కరును పిలిచి అడుగువాడు ఎంతమంది ఉపాధ్యాయులలో ఒకడుండునో మాకు సందేహమే.

ఇవి ఉపన్యాసమున నేర్పునవి కావు. 1907లో ఇరువదిమంది బాలురతో బ్రౌన్‌సీ దీవిలో విడిదిచేసి స్కౌటు ఉద్యమమునకు నాందిపలికిన బేడెన్ పవెల్ దొర, 1919 సెప్టెంబరున గిల్వెల్‌లో నాయకులకు శిక్షణ మొదలుపెట్టినపుడు పెద్దవారినే పటాలములుగా విభజించి గుడారములలో నుంచి, వారిచేతనే వంట చేయించెను. మనదేశపు స్కౌటు ఉపాధ్యాయులకు నేటికిని హిమాలయ వుడ్‌బ్యాడ్జి శిక్షణ ఆ త్రోవనే సాగుచున్నది. తక్కిన ఉపాధ్యాయులకు అంతటి శిక్షణ కావలెనని మేమనము. ఒక్క రాత్రి చాలును. పిల్లలను తీసికొనిపోదలచిన ఆ తావుననే, పదిదినములు ముందుగా, ఉపాధ్యాయులు తామే చాపలు పరచుకొని పరుండవలెను. అర్ధరాత్రి దీపమార్పి మరుగుదొడ్డికి నడచి చూడవలెను. ఇద్దరిద్దరు వంతులు వేసికొని మేలుకొనవలెను; మూడవజామున నిద్ర యెట్లు ముంచుకొనివచ్చునో అప్పుడు తెలియును. సెల్‌ఫోను ఆ చోట పలుకునో లేదో, బండి ఎంతవరకు రాగలదో చూచుకొనవచ్చును.

స్థలము మాత్రము మోతుబరు లీయవలెను. వరికోతలైన చేను ఖాళీగా కనబడినను ఖాళీ కాదు. కోతకుముందే చల్లిన మినుము మొలకెత్తియుండును. పిల్లలు త్రొక్కిరని రైతు గొణిగిన అందు న్యాయమున్నది. కనుక మెరకతోటయో, కళ్ళమో చూపింపవలెను. రాత్రి మేలుకొన్నవారికి మరునాడు బడి సెలవిచ్చుట పాఠశాలాధికారుల విధి; ఈ ఖర్చును పొదుపుచేయజూచువారిని మేము మెచ్చము.

ఆ పరీక్షారాత్రి గడిపిన పిమ్మట, ఈ భారము నావలన కాదని చెప్పు ఉపాధ్యాయుడొకడు బయలుపడవచ్చును. అతనిని పిరికివాడని నవ్వక ఇంటికడ నుండనీయవలెను. అతనిచోట మరియొకరు దొరకనియెడల యాత్రను సంక్రాంతి వెనుకకు జరుపుదురుగాక.