అణుశక్తికి కన్నులమర్చిన అయ్యగారి సాంబశివరావు

పరమాణువు కంటికి కనిపించదు. దాని నడుమనున్న కేంద్రకము పరమాణు వ్యాసములో పదివేలవ వంతైనను ఉండదు. ఆ కేంద్రకములోని న్యూట్రానుకు విద్యుదావేశము కూడ లేదు. అట్టి కణములను ప్రతి క్షణము లెక్కించుచు, వాటి సంఖ్యను అదుపులో ఉంచినప్పుడే యురేనియము నుండి ఉపయోగకరమైన శక్తి లభించును. అణుశక్తి అనగానే యురేనియము, భారజలము అందరికి స్ఫురించును గాని, ఈ లెక్కింపు పరికరములు స్ఫురింపవు. వాటిని మన దేశములోనే తయారు చేసికొనవలెనని తలచి, తయారు చేయించి చూపిన తెలుగువారు అయ్యగారి సాంబశివరావుగారు. ఎ. ఎస్. రావు అను పేరుతో ఆయన ప్రసిద్ధులు.

మోగల్లు నుండి బొంబాయికి

సాంబశివరావుగారు 1914 సెప్టెంబరు 20వ తేదీన, నేటి పశ్చిమ గోదావరి జిల్లాలో భీమవరమునకు సమీపమున గల మోగల్లు గ్రామములో జన్మించినారు. కాశీ హిందూ విశ్వవిద్యాలయములో ఎం. ఎస్సి. పూర్తి చేసి, కొంతకాలము అక్కడనే అధ్యాపకులుగా పనిచేసినారు. తరువాత అమెరికాకు వెళ్లి, స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయములో విద్యుత్ ఇంజనీరింగు చదివి మాస్టరు పట్టమును పొందినారు.

ఆయన తిరిగి వచ్చిన కాలమున బొంబాయిలోని టాటా మౌలిక పరిశోధన సంస్థలో డాక్టర్ హోమీ భాభా విశ్వకిరణములను గూర్చి పరిశోధనలు జరిపించుచుండిరి. 1948లో భారత అణుశక్తి సంఘము ఏర్పడినది. సాంబశివరావుగారు భాభా బృందములో చేరి, విశ్వకిరణ పరిశోధనకు అవసరమైన ఎలక్ట్రానిక్ పరికరముల పనిలో ప్రవేశించినారు. ఆ పనిలో అలవడిన నేర్పే తరువాత అణు రియాక్టరులకు అక్కరకు వచ్చినది.

సెకనులో ఏమి జరుగును?

రియాక్టరులో పరికరముల అవసరమెంతటిదో చిన్న లెక్క వలన తెలియును. ఒక న్యూట్రాను తాకినప్పుడు యురేనియము కేంద్రకము రెండుగా చీలి, రెండు మూడు కొత్త న్యూట్రానులను వెడలగొట్టును. అవి మరికొన్ని కేంద్రకములను చీల్చును. దీనినే శృంఖలా చర్య అందురు. నీటిని వాడు రియాక్టరులో ఒక తరము న్యూట్రానుల నుండి మరొక తరము పుట్టుటకు సుమారు సెకనులో పదివేలవ వంతు కాలము చాలును. ప్రతి తరములోను న్యూట్రానుల సంఖ్య వేయింటికి ఒకటి చొప్పున మాత్రమే పెరుగుచున్నదని అనుకొన్నను, ఒక్క సెకనులో పదివేల తరములు గడచును. 1.001ని పదివేల సార్లు గుణించి చూచిన విద్యార్థికి వచ్చు ఫలితము దాదాపు 22,000. అనగా సెకను ముగియునప్పటికి శక్తి ఇరువది రెండు వేల రెట్లగును. ఇంత వేగమును ఏ యంత్రమును పట్టి ఆపజాలదు.

కాని ప్రకృతి ఇందుకొక వెసులుబాటు కల్పించినది. యురేనియము-235 నుండి వెలువడు న్యూట్రానులలో నూటికి సుమారు 0.65 వంతు వెంటనే రావు. కేంద్రకము చీలినప్పుడు ఏర్పడిన ముక్కలలో నిలిచియుండి, సెకనుకో, పది సెకనులకో, ఒక్కొక్కప్పుడు నిమిషమునకో బయటపడును. సంఖ్యలో కొద్దివే అయినను, ఇవి ఆలస్యముగా వచ్చుట వలన సగటు తరము పొడవు సెకనులో పన్నెండవ వంతునకు పెరుగును. అప్పుడు అదే పెరుగుదల సెకనుకు నూటికి ఒక వంతు మాత్రమే అగును. ఈ వ్యవధిలోనే పరికరము అపాయమును గుర్తించవలెను, కడ్డీలు కదలవలెను.

గుర్తించు విధానమిది: బోరాను ట్రైఫ్లోరైడు వాయువు నింపిన గొట్టములోనికి వచ్చిన న్యూట్రానును బోరాను కేంద్రకము పట్టుకొని, హీలియము, లిథియము కేంద్రకములుగా విడిపోవును. వేగముగా పోవు ఈ ముక్కలు వాయువును అయనీకరించును. దానితో గొట్టములో ఒక చిన్న విద్యుత్ స్పందనము పుట్టును. ఎలక్ట్రానిక్ వలయములు దానిని పెద్దది చేసి లెక్కించును. లెక్క హద్దు దాటగానే న్యూట్రానులను మింగు కడ్డీలు లోనికి దిగును. పరికరము అబద్ధము చెప్పినచో కాపలాదారు లేనట్లే.

అప్సర

ఆసియా ఖండములో మొదటి అణు రియాక్టరులలో ఒకటైన అప్సర, ట్రాంబేలో 1956 ఆగస్టు 4వ తేదీన పనిచేయనారంభించినది. దాని యురేనియము ఇంధనము బ్రిటను నుండి వచ్చినది. నిర్మాణము మన ఇంజనీర్లది. దాని నియంత్రణ వ్యవస్థను సిద్ధము చేసినది సాంబశివరావుగారి నాయకత్వమున పనిచేసిన ఎలక్ట్రానిక్సు విభాగము. పరికరములను విదేశములలో కొని తెచ్చుట ఆ రోజులలో తేలిక మార్గము. కాని కొన్న పరికరము చెడినప్పుడు విడి భాగమునకై నెలల తరబడి ఎదురు చూడవలసి వచ్చును. అమ్మినవాడు నిరాకరించినచో రియాక్టరు మూతపడును. స్వయముగా చేసినవానికి మరమ్మతు కూడ తెలియును. ఈ దృష్టితోనే ట్రాంబేలో పరికరముల రూపకల్పనతో పాటు వాటి ఉత్పత్తి కూడ మొదలైనది.

ప్రభుత్వమునకు సలహా

1962లో జరిగిన చైనా యుద్ధము మరొక కొరతను బయటపెట్టినది. సైన్యమునకు కావలసిన రేడియోలు, రాడారులు మొదలైనవాటికి దేశము పరులపై ఆధారపడియున్నది. 1963లో భారత ప్రభుత్వము భాభా అధ్యక్షతన ఎలక్ట్రానిక్సు సంఘమును నియమించినది. విక్రమ్ సారాభాయి, సూరి భగవంతం, ఎ. ఎస్. రావు అందులో సభ్యులు. నలుగురిలో ఇద్దరు తెలుగువారగుట గమనింపదగినది. రానున్న పది సంవత్సరములలో ఈ పరిశ్రమ ఎట్లు పెరగవలెనో ఆ సంఘము తన నివేదికలో వివరించినది. నివేదిక 1966లో వెలువడినది. ఆ సంవత్సరమే జనవరి 24న భాభా విమాన ప్రమాదములో మరణించినారు.

సలహా చెప్పినవారికే దానిని ఆచరణలో పెట్టు భారము కూడ లభించినది. 1967 ఏప్రిల్ 11న హైదరాబాదులో భారత ఎలక్ట్రానిక్సు సంస్థ, అనగా ఇ.సి.ఐ.ఎల్., స్థాపితమైనది. సాంబశివరావుగారు దానికి మొదటి మేనేజింగ్ డైరెక్టరు. రియాక్టరు పరికరములతో పాటు టి.డి.సి. వరుసకు చెందిన కంప్యూటర్లను, టెలివిజన్లను ఈ సంస్థ తయారు చేసినది. ఎలక్ట్రానిక్ ఓటింగు యంత్రపు నమూనాను కూడ 1979లో ఇక్కడనే రూపొందించినారు.

ఆ శ్రమ విలువ 1974లో తేలినది. ఆ సంవత్సరము మే 18న పోఖ్రానులో అణు పరీక్ష జరిగిన పిదప కెనడా తన సహాయమును నిలిపివేసినది. రాజస్థానులోని రెండవ రియాక్టరును మనవారే పూర్తి చేయవలసి వచ్చినది. 1983లో పనిచేయ నారంభించిన కల్పాక్కము రియాక్టరు మనవారే నిర్మించినది. ట్రాంబేలోను, హైదరాబాదులోను అప్పటికే నేర్చిన విద్య లేనిచో ఈ పనులు ఎంతో వెనుకపడియుండెడివి.

సాంబశివరావుగారికి 1960లో పద్మశ్రీ, 1965లో శాంతి స్వరూప్ భట్నాగర్ బహుమానము, 1972లో పద్మభూషణ్ లభించినవి. 2003 అక్టోబరు 31న ఆయన కన్నుమూసినారు.

నేడు హైదరాబాదులో ఎలక్ట్రానిక్సు, కంప్యూటరు అనగానే చూపు పడమటి వైపునకు, హైటెక్ సిటీకి, అక్కడి ఉద్యోగులు నివసించు ప్రగతి నగర్ వంటి కాలనీలకు పోవును. హైటెక్ సిటీలోని సైబర్ టవర్సు 1998లో ప్రారంభమైనది. దానికి ముప్పది ఏండ్లకు పూర్వమే నగరపు తూర్పు అంచున ఇ.సి.ఐ.ఎల్.లో టంకము పెట్టుట, వలయములు గీయుట, లెక్క సరిచూచుట వేలమంది నేర్చుకొన్నారు. దాని సమీపముననే ఆయన పేర ఎ. ఎస్. రావు నగర్ వెలసినది. ఆ పేరు గల బస్సు ఎక్కు విద్యార్థులలో ఆయన ఎవరో తెలిసినవారు కొద్దిమందే. న్యూట్రానును గూర్చి పాఠము చెప్పునప్పుడు ఉపాధ్యాయులు ఆ పేరును కూడ చెప్పినచో, పాఠము ఊరిలోని వీధి వరకు వచ్చును.